ఒక రీలు, పన్నెండు బొమ్మలు

మదీనా కూడలి నుండి చార్మినారు వైపు నడిచేవారికి, మచ్లీ కమాన్ చేరేలోపల, దారికి ఇరువైపులా బారులు తీరిన రాతి కమానులు కనిపిస్తాయి. అదే పత్తర్‌గట్టి. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తిన తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి చేపట్టిన కట్టడాలలో అదొకటి. పెళ్ళిబట్టలు, ముత్యాలు, అత్తర్లు అమ్మే ఆ దుకాణాల ముందు ఎండ వీధిలోనే ఆగిపోతుంది. కమాను దాటి లోపల అడుగుపెడితే నడివేసవి మధ్యాహ్నమైనా మసకగానే ఉంటుంది. అటువంటి ఒక బట్టల దుకాణంలో, ఎత్తైన గద్దె మీద పరచిన తెల్లని పరుపుపై కూర్చుని నలభై ఆరేళ్ళుగా పద్దులు రాస్తున్న గుమాస్తా ఒకడు, రానున్న దీపావళికి కొత్త పద్దు పుస్తకం తెరిచే నాడు కలం అప్పగించి ఇంటికి వెళ్ళిపోతానని యజమానితో చెప్పాడు.

ఆ మాట విన్న మనుమడికి ఒక సంగతి స్ఫురించింది. తాత పనిలో ఉండగా తీసిన బొమ్మ ఇంట్లో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ పెళ్ళిళ్ళలో, అందరి వెనుక చేతులు కట్టుకొని నిలబడినవే. అతడు సెల్‌ఫోనుతో తీసినవి నాలుగైదు ఉండేవి. ఆ ఫోను నీళ్ళలో పడిన నాడు అవీ పోయాయి. ఇనుపపెట్టె అడుగున మాత్రం ఒక కాగితపు కవరులో, ఏనాడో గతించిన నాయనమ్మ నెగటివు భద్రంగా ఉంది. అది రెండున్నర అంగుళాలకైనా చాలని చతురస్రం. యాభై ఏళ్ళనాటి ఆ నెగటివును పెద్ద కాగితంపై వేయించగా ముక్కుపుడక రాళ్ళూ, చీర అంచులోని పోగులూ విడివిడిగా కనిపించాయి. అతడు చాలాసేపు ఆ అంచునే చూస్తూ ఉండిపోయాడు. తాత బొమ్మ కూడా అటువంటి ఫిల్ము మీదనే తీయాలని ఆనాడే నిశ్చయించుకొన్నాడు.

ఆ ఫిల్మును 120 అంటారు. కొడాక్ సంస్థ 1901లో దానిని ప్రవేశపెట్టింది. నూటపాతికేళ్ళు గడిచినా అది నేటికీ దొరుకుతోంది. మన దేశంలో బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 అనే చిన్న పెట్టె కెమెరా ఈ రీలుతోనే లెక్కలేనన్ని మధ్యతరగతి ఇళ్ళలోకి ప్రవేశించింది. ఫిల్ము వెడల్పు సుమారు ఆరు సెంటీమీటర్లు. అది మారదు. మారేది నిడివి. కెమెరా తీరును బట్టి ఒకే రీలు మీద 6×4.5 కొలతలో పదిహేనో పదహారో, 6×6లో పన్నెండు, 6×7లో పది, 6×9లో ఎనిమిది బొమ్మలు వస్తాయి. నెగటివు పెరిగినకొద్దీ బొమ్మల సంఖ్య తగ్గుతుంది, కెమెరా బరువెక్కుతుంది.

ఏది కొనాలి? చేతిలోని డబ్బు ఒక్క కెమెరాకే సరిపోతుంది. పెద్ద నెగటివే మేలని మొదట అతడు భావించాడు. ఆ ఆలోచన సహజమే. రాజా దీన్‌దయాళ్ ఆరవ నిజాం కాలంలో ఈ నగరాన్ని పుస్తకపు పుటలంతేసి గాజుపలకలపై చిత్రించాడు. నెగటివు ఎంతో బొమ్మ అంత. దానినే కాగితానికి ఆనించి అచ్చు తీసేవారు. ఆయన గాజుపలకలలో 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. అయితే ఆయనకు రాజాశ్రయం ఉన్నది, సామాను మోయడానికి మనుషులు ఉన్నారు. పత్తర్‌గట్టి రద్దీలో ముక్కాలిపీట నిలపడానికి చోటే ఉండదు.

పాతబస్తీలో చాలాకాలం స్టూడియో నడిపి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దమనిషిని అతడు సలహా అడిగాడు. ఆయన కెమెరాల పేర్లేవీ ఎత్తలేదు. "ఎంత కాగితం మీద వేయిస్తావు బాబూ?" అని మాత్రం అడిగాడు. పది అంగుళాలకు ఎనిమిది అని జవాబు వచ్చింది. అప్పుడాయన ఒక పాత కవరు వెనుక లెక్క వేసి చూపాడు. మామూలు 35 మిల్లీమీటర్ల నెగటివును ఆ కాగితానికి ఎనిమిదిన్నర రెట్లు పెంచాలి. 6×7 అయితే మూడున్నర రెట్ల పైచిలుకు చాలు, ఆకారం కూడా కాగితానికి సరిగ్గా అమరుతుంది. 6×6 చతురస్రం. ఆ కాగితానికి తగినట్లు అంచు కోస్తే మిగిలేది 6×4.5 అంతే! అంటే చతురస్రాన్ని చతురస్రంగానే ఉంచుకొనేవాడికి తప్ప దాని వల్ల కొలతలో లాభం లేదు. ఈ చిన్న లెక్క వేసుకోకుండానే కెమెరా కొన్నవారు ఎందరో!

పద్యం రాయబోయే కవి కూడా ఛందస్సు పెద్దదా చిన్నదా అని చూడడు. అరవై నాలుగు మాత్రల కందంలో ఒదిగే మాటను సీసంలోకి లాగితే ఆ మాటే పలుచబడుతుంది.

మరునాడు అతడు అట్టముక్కలో మూడు కిటికీలు కోసుకొని దుకాణం ఎదుట నిలిచాడు. అడ్డంగా పట్టిన 6×7 కిటికీలో పక్క దుకాణం బొమ్మ దుస్తులు కూడా చొరబడ్డాయి. 6×4.5 కిటికీని నిలువుగా పట్టగా కమాను శిఖరం వరకు చక్కగా కుదిరింది గాని, తాత చేతి పక్కన ఉన్న పద్దుల పెట్టె తెగిపోయింది. చతురస్రంలో కూర్చున్న మనిషి, పెట్టె, వెనుక బట్టల తానులు, గోడ మీది క్యాలెండరు, అన్నీ ఇమిడాయి. అసలు కూర్చున్న మనిషి ఆకారమే ఇంచుమించు చతురస్రం కదా.

ఇక బరువు సంగతి. 1970లో వచ్చిన మామియా ఆర్‌బీ67 గొప్ప కెమెరాయే. దాని వెనుకభాగం తిరుగుతుంది కనుక నిలువు బొమ్మకు కెమెరాను ఒరిగించనక్కరలేదు. కాని రెండున్నర కిలోలు దాటిన ఆ పెట్టెను చేతబట్టి, కమాను నీడలో, సెకనులో పదిహేనవ వంతు సేపు కదలకుండా నిలబడడం సామాన్యం కాదు. అదే ఏడాది వచ్చిన యాషికా మ్యాట్-124జీ కిలో పైచిలుకు. ఒకదానిపై ఒకటిగా రెండు కటకాలు. పై కటకంతో చూడడం, కింది కటకంతో తీయడం. లోపల ఎగిరిపడే అద్దం లేదు కనుక అదురు లేదు, చప్పుడూ దాదాపు లేదు. మెడకు తగిలించుకొని, రొమ్ముకు ఆనించి, తల వంచి గాజుతెరలోకి చూడాలి. వీధిలో నిలబడినవాడి రొమ్ము ఎత్తు, గద్దెపై కూర్చున్నవాడి కంటి ఎత్తు దాదాపు ఒకటే. తాతవైపు గురిపెట్టి చూసే అవసరం లేదు. నమస్కరిస్తున్నట్లు తల దించుకొంటే చాలు. అతడు ఒక పాత యాషికాను కొన్నాడు.

దీపావళికి వారం ముందు రీలు ఎక్కించాడు. గాజుతెరలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. మొదటి మూడు బొమ్మలు ఆ తికమకలోనే వంకరపోయాయి. నాలుగవదానికి తాత సవరించుకొని కూర్చున్నాడు. ఆరవదానికి బేరగాళ్ళు అడ్డం వచ్చారు. తొమ్మిదవదానికి తాత కెమెరా సంగతి మరచి, వేలితో పద్దు వెంట కిందికి దిగుతూ, పెదవులతో అంకెలు కూడుతున్నాడు. మీట నొక్కిన చప్పుడు ఆయనకు వినబడలేదు.

రీలు కడిగించి ఇంటికి తెచ్చిన సాయంత్రం తాత, పద్దుల కోసం వాడే భూతద్దం తెమ్మన్నాడు. నెగటివును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాడు. అందులో తెల్లని పరుపు నల్లగా ఉంది, నెరిసిన తల కారునలుపు. వరుసగా చూసుకొంటూ వచ్చి తొమ్మిదవదాని వద్ద ఆగాడు. భూతద్దం కొంచెం పైకి జరిపాడు. ముఖం చిట్లించాడు.

"క్యాలెండరుకు నిన్నటి కాగితం చింపనే లేదు బిడ్డా" అన్నాడు.