పొద్దున్నే గాలి చూసుకోండి

డాలస్‌లో ఉండే మీరు, ఆగస్టు ఎండల్లో పడవను ట్రక్కుకు తగిలించుకుని కార్పస్ క్రిస్టీ సముద్రానికి బయల్దేరుతున్నారనుకోండి. సుమారు 400 మైళ్ల దారి. కదిలేముందు ఓ నాలుగు మాటలు చెప్పనివ్వండి.

ట్రైలర్ టైరు పేలితే "ఎండకండీ" అనేస్తాం. ఎండ పాత్ర కొంతే. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే వంగినచోట చురుక్కుమంటుంది చూడండి, టైరుదీ అదే కథ. తిరిగిన ప్రతి చుట్టుకీ దాని సైడ్‌వాల్ బరువుకి నలిగి లేస్తుంది. గాలి తక్కువైతే మరీ నలుగుతుంది, మరీ కాగుతుంది. చివరికి లోపలి పొరలు ఊడిపోతాయి. వెనక ఇంత జరుగుతున్నా స్టీరింగుకి కబురందదు.

అందుకని గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ట్రైలర్లకు వేసే ఎస్‌టీ టైర్లకు సైడ్‌వాల్ మీద రాసినంత గాలీ నింపడం మామూలు పద్ధతి. లోడ్ రేంజ్ సీ అయితే చాలావాటికి 50 పీఎస్ఐ, డీ అయితే 65. దారిలో కొలిస్తే ఇంకాస్త ఎక్కువే చూపిస్తుంది. దయచేసి గాలి తీయకండి! కాగిన గాలికి ఒత్తిడి పెరగడం సహజమే. తీశారంటే ఆ నలుగుడు మళ్లీ మొదలవుతుంది.

వేగం సంగతి. సైడ్‌వాల్ మీద వేరే వేగం రాసి లేకపోతే ఎస్‌టీ టైర్లు గంటకు 65 మైళ్ల లెక్కన చేసినవే. హైవే మీద 75 అని బోర్డుందని టైరుకేం తెలుసు? కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవాళ్లకు చట్టమే 55 దగ్గర ఆపింది.

పడవ ట్రైలర్‌కు ఇంకో కష్టముంది. దారంతా కాగిన చక్రం హబ్‌ను తీసుకెళ్లి నీళ్లలో దింపుతాం. లోపలి గాలి చప్పున ముడుచుకుని నీటిని పీల్చేస్తుంది, గ్రీజు పాలలా తెల్లబడుతుంది. కందెన చెడిన ఇరుసు ఎలా ఉంటుందో ఎడ్లబండి ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. దింపేముందు హబ్‌ను చల్లారనివ్వండి, ఏటా గ్రీజు మార్పించండి.

గ్యాస్ కొట్టించడానికి ఆగినప్పుడల్లా దిగి ఒక్కో చక్రం దగ్గర అరచేయి పెట్టి చూడండి. ముట్టుకోకముందే సెగ తెలుస్తుంది. ఎండ తగిలే వైపు కాస్త వేడిగా ఉంటే పర్లేదు. ఒక్క చక్రమే మిగతావాటిని మించి కాగుతోందా? గాలి దిగిందో, బేరింగు పాడైందో, బ్రేకు పట్టేసిందో అక్కడే తేల్చుకోండి.

గుండీలు అరగలేదు కదా అని పాత టైరును నమ్మకండి. ఏడాదిలో ఎక్కువ రోజులు పడవ షెడ్డులోనే ఉంటుంది, రబ్బరు మాత్రం ముసలిదవుతుంది. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలూ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం పుట్టిన టైరు. ఐదారేళ్లు దాటితే మార్చేయండి.

స్పేర్ టైరులోనూ గాలి చూశారా? భారీ లారీలు ఒంటికి రాసుకున్నట్టు దూసుకుపోతుంటే, పిల్లల్ని ట్రక్కులో కూర్చోబెట్టి మీరు రోడ్డు పక్కన జాకీ తిప్పడం నాకు ఇష్టం లేదు. పొద్దున పది నిమిషాలు వంగి చూడండి, చాలు.