విప్పి చూసే హక్కు

నడపడం వేరు, విప్పడం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న తేడా గురించి మనం చాలా తక్కువ రాసుకున్నాం. ఆడవాళ్ళు ఆటో నడిపినా, బస్సు నడిపినా పత్రికలు ఫొటోలు వేస్తాయి. మనమూ సంతోషిస్తాం, సంతోషించవలసిందే. కానీ ఇంట్లో మిక్సీ ఆగిపోతే దాన్ని సంచిలో వేసుకుని మెకానిక్ దగ్గరికే పరిగెడతాం. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మా అమ్మ దానికి నూనె వేసేది, సూది మార్చేది. అంతకు మించి లోపలికి చెయ్యి పెట్టేది కాదు. హిందూపురం చుట్టుపక్కల బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో వరసలు వరసలుగా మిషన్ల ముందు కూర్చునేది ఆడవాళ్ళు. మిషను మొరాయిస్తే పానా పట్టుకుని వచ్చేది మగవాడు. యంత్రం దగ్గర చాకిరీ చేసే అవకాశం మనకు దొరికింది గాని, దాని కడుపు విప్పి చూసే హక్కు దొరకలేదు. అందులోనూ ఏ ప్రయోజనమూ లేకుండా, కేవలం సరదా కోసం విప్పే హక్కు మరీ దొరకలేదు.

పరిగిలోని మా పుట్టింటి వెనక చింతపండు కొట్టంలో మూడేళ్ళుగా మా అక్క కూతురు సరిగ్గా ఈ పనే చేస్తోంది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల చాలామంది పిల్లలకు కార్ల పని పరిచయమైంది. మా పిల్ల కూడా ఒక చిన్న విడిభాగాల యూనిట్‌లో పనికి కుదిరింది. రోజుకు కొన్ని వందల బోల్టులు బిగిస్తుంది. ఎంత గట్టిగా బిగించాలో మిషనే చెబుతుంది. "నేను బిగించింది యాడికి పోతుందో నాకే తెలీదు చిన్నమ్మా," అంది ఒకసారి. ఆదివారాల్లో ఆమె కట్టుకుంటున్న కారులో మాత్రం ప్రతి బోల్టూ ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు.

ఆ కారు డ్రాగ్ రేసు కోసం. అంటే మలుపుల్లేని దారి మీద, నిలబడ్డ చోటు నుంచి, పావు మైలు దూరాన్ని, అంటే 402 మీటర్లను, ఎంత తక్కువ సమయంలో దాటితే అంత గొప్ప. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, కుర్రవాళ్ళు పాత కార్లను ఇళ్ళలోనే విప్పి, బరువు తగ్గించి, పెద్ద ఇంజన్లు పెట్టి, వాడకంలో లేని విమానాల రన్‌వేల మీద పందాలు వేసుకున్నారు. 1951లో దానికి నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అనే సంస్థ వచ్చింది. ఇందులో సూత్రం ఒక్కటే. ఇంజను బలాన్ని పెంచడానికి డబ్బు కావాలి, బరువును తగ్గించడానికి ఓపిక చాలు. డబ్బు లేనివాళ్ళు రెండోదాన్ని పట్టుకుంటారు.

మా పిల్ల చేతికొచ్చింది పాత స్టాండర్డ్ హెరాల్డ్. బెంగుళూరు వ్యాపారి ఒకాయన చింతపండు బాకీ కింద మా బావగారికి అంటగట్టిన బండి. బావగారు పోయాక కొట్టంలో కోళ్ళు గుడ్లు పెట్టుకునేవి దాంట్లో. 1961 నుంచి మద్రాసులో తయారైన ఈ కారు నిజానికి ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్. ఇది స్పోర్ట్స్ కారు కాదు, స్పోర్ట్స్ కారుకు అక్క. 1962లో దీని ఛాసిస్‌నే పొట్టిగా కోసి ట్రయంఫ్ వాళ్ళు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల కారు చేశారు. ఇది తెలిశాకే పిల్లకు ఆశ పుట్టింది. "వాళ్ళు కోసినప్పుడు నేను కోయకూడదా?" అని.

హెరాల్డ్‌లో ఒక సుగుణం ఉంది. ఈనాటి కార్ల ఒళ్ళంతా ఒకటే ముద్దగా అతికించి ఉంటుంది. హెరాల్డ్ అలా కాదు. కింద విడిగా ఛాసిస్, దాని మీద ముక్కలు ముక్కలుగా బిగించిన బాడీ. బాడీలు చేసిచ్చే కంపెనీని పోటీదారు కొనేయడంతో, ట్రయంఫ్ వాళ్ళు వేర్వేరు చోట్ల ముక్కలు చేయించుకుని బోల్టులతో కలుపుకోవలసి వచ్చింది. ఆ ఇబ్బందిలోంచి పుట్టిన కారు కాబట్టే, ఒక ఆడపిల్ల ఒక పానా సెట్టుతో దాన్ని పూర్తిగా విప్పగలిగింది.

ఏ ముక్క విప్పినా చింతపండు తూచే కాటా మీద పెట్టి, బరువును సుద్దతో గోడ మీద రాసేది. బంపర్లు, వెనక సీటు, స్టెప్నీ, తలుపుల లోపలి అట్టలు. అద్దాల స్థానంలో పాలికార్బనేటు రేకులు, ఇనుప బానెట్ స్థానంలో ఫైబర్‌గ్లాసు. దాని అచ్చు తనే పోసుకుంది. నలభై గుర్రాల బలమైనా లేని పాత 948 సీసీ ఇంజను దిగిపోయి, 80 గుర్రాల జిప్సీ ఇంజను ఎక్కింది. హెరాల్డ్ వెనక చక్రాలు ఒత్తిడి పడితే లోపలికి ముడుచుకునే రకం. బయలుదేరే క్షణంలో బరువంతా వెనక్కే పడుతుంది గనుక అది ప్రమాదమని ఆ ఇరుసు తీసి, ఆమ్నీ వ్యాను ఇరుసు కలిపింది. బ్యాటరీని డిక్కీలోకి మార్చింది. దాదాపు 800 కిలోల బండి ఇప్పుడు 560. ఆమె ఇష్టంగా పెంచిన బరువు ఒక్కటే. తిరగబడితే ప్రాణం కాపాడే ఉక్కు గొట్టాల పంజరం.

ఈ బండి రోడ్డెక్కదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల్ని ఒప్పుకోదు. లారీ మీద పందెం జరిగే చోటికి తీసుకుపోవలసిందే. మా అక్క కోపమంతా ఇక్కడే. "ఇంత దుడ్డు పోసేది రోడ్డు మీద కూడా తిరగని బండికా? పదహారు సెకండ్లు పరిగెత్తేకా?" అంటుంది. ఆమె అన్నది తప్పని నేననను. అది పిల్ల పెళ్ళికని దాచిన డబ్బులోంచి కొంత. కానీ మా ఇంట్లోనే మగవాళ్ళు కోడిపందాలకూ పేకాటకూ పోసిన డబ్బును ఎవరూ ఈ లెక్కన సెకండ్లుగా విడగొట్టి చూడలేదు. ఆడపిల్ల మీద పెట్టే ప్రతి రూపాయీ ఏదో ఒకదానికి అక్కరకు రావాలి. చదివితే ఉద్యోగానికి, ఉద్యోగం చేస్తే పెళ్ళికి. మన ఉద్యమాలూ పని హక్కు గురించి మాట్లాడినంతగా ఆట గురించి మాట్లాడలేదు. ఆకలి ముందు ఆట చిన్నదనిపించి ఉంటుంది. కానీ యంత్రాల సంగతిలో ఆటే బడి. తోటి మగపిల్లలు పదేళ్ళకే సైకిలు విప్పి, బిగించలేక తన్నులు తిని, మళ్ళీ విప్పి నేర్చుకున్నది, ఆడపిల్లలు పాలిటెక్నిక్‌లో పుస్తకం చూసి నేర్చుకోవలసి వస్తోంది.

ఆడుకున్న ఆడవాళ్ళు లేరా అంటే ఉన్నారు. డ్రాగ్ రేసుల్లో షర్లీ మల్‌డౌనీ పేరు పెద్దది. ఆ ఆటలో అత్యంత వేగమైన టాప్ ఫ్యూయెల్ తరగతికి 1973లో లైసెన్సు పొందిన మొదటి స్త్రీ. 1977, 1980, 1982 సంవత్సరాల్లో మూడుసార్లు విజేత. ఆమెకు కార్లు కట్టిచ్చింది మెకానిక్ అయిన మొదటి భర్త. ఇంగ్లండులో బియాట్రిస్ షిల్లింగ్ పద్నాలుగేళ్ళకే రాయల్ ఎన్‌ఫీల్డ్ మోటారుసైకిలు కొనుక్కుని విప్పి బిగించిన పిల్ల. యుద్ధ విమానాల్లోని మెర్లిన్ ఇంజను నిట్టనిలువుగా దూకేటప్పుడు ఆగిపోతుంటే, 1941లో చిన్న చిల్లు ఉన్న ఇత్తడి బిళ్ళతో ఆ జబ్బును అదుపులోకి తెచ్చిన ఇంజనీరు. ఆ విమానాల్లో ఒకదాని పేరూ స్పిట్‌ఫైరే. యుద్ధం తర్వాత ఆమె, భర్త కలిసి ఇంటి వర్క్‌షాపులో స్పోర్ట్స్ కార్లను తామే మార్చుకుని పందాల్లో నడిపారు.

మన తెలుగింటి అయ్యలసోమయాజుల లలిత కథ మరీ దగ్గరిది. పదిహేనేళ్ళకు పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకు వైధవ్యం, చేతిలో నాలుగు నెలల కూతురు. మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి 1943లో పూర్తి చేసింది. పట్టాలో అచ్చయి ఉన్న 'అతడు' అన్న మాటను కొట్టేసి చేత్తో 'ఆమె' అని దిద్దవలసి వచ్చింది. భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల పనిలో ఆమె భాగం గురించి ఈ మధ్య అందరూ రాస్తున్నారు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ప్రొఫెసరైన తండ్రి విద్యుత్తుతో పలికే ఒక సంగీత వాయిద్యం తయారుచేస్తుంటే ఆమె ఆయనకు సాయం చేసింది. విద్యుత్ లైన్లు జీతం, వాయిద్యం ఆట. ఆ ఆట ఆమెకు తండ్రి గదిలోనే దొరికింది.

ముగ్గురి కథల్లోనూ యంత్రం దగ్గరికి తోడొచ్చిన ఒక మగవాడున్నాడు, భర్తో తండ్రో. వాళ్ళ గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. మా పిల్ల సంగతీ అంతే. చనిపోయిన తండ్రి వదిలిన బండి, తండ్రి కొట్టం, తండ్రి స్నేహితుడైన హిందూపురం మెకానిక్ ఇచ్చిన గ్రైండరు, ఆయన నేర్పిన వెల్డింగు. ఇవేవీ లేని ఆడవాళ్ళు ఏ తలుపు తట్టాలి?

ఆ తలుపు లేనివాళ్ళు అదే కొట్టంలో ఉన్నారు. మాఘం నుంచి ఎండాకాలం దాకా చింతకాయలు కొట్టడానికి వచ్చే ఆడవాళ్ళు. పెంకు, గింజ, ఈనె తీసి, కరిపులి వేరు, ఫ్లవర్ వేరు చేసి హిందూపురం మార్కెట్టుకు పంపుతారు. కిలోల లెక్కన కూలి. మూడు సీజన్లుగా వాళ్ళ పక్కనే కారు పలచబడుతూ వచ్చింది. వాళ్ళలో పెద్దావిడ మొదట్నుంచీ ఆ గోడ మీది లెక్క గమనిస్తోంది. చదువు లేదు గాని అంకెలు వచ్చు. కాటా ముందు జీవితమంతా గడిపిన మనిషి. సాయంత్రం తన గంప తూయించుకున్నాక కారు వైపు తిరిగి అడుగుతుంది: "ఈ పొద్దు ఎంత దించినావు పాపా?"

మొన్న అడిగినప్పుడు జవాబు ముప్పావు కిలో. పెడళ్ళకు చిల్లులు వేసి తీసిన ఇనుప పొట్టు. ఆవిడ తల పంకించి, ముప్పావు కిలో గింజ తియ్యడానికి తనకెంతసేపు పడుతుందో చెప్పింది. తర్వాత వంగి కారు కిందికి చూసి, గేరుబాక్సు నుంచి వెనక్కు పోయే గొట్టం ఏమిటని అడిగింది. పిల్ల ఒక చక్రాన్ని పైకి లేపి, ఆ గొట్టాన్ని ఆవిడ చేత్తోనే తిప్పించింది. గొట్టం తిరిగితే చక్రం తిరిగింది. ఆవిడ మళ్ళీ ఒకసారి తిప్పి చూసింది.

ఈ మూడేళ్ళలో మా బంధువులు, నా సహోద్యోగులు, నేను కూడా, ఆ పిల్లను ఇది దేనికి పనికొస్తుందని ఏదో ఒక రూపంలో అడిగాం. ఆవిడ ఒక్కసారీ అడగలేదు. అది ఎలా పనిచేస్తుందని అడిగింది.