పందికొక్కుకీ ఓ ఇంగ్లీషు పేరుంది!

పిల్లల చదువుల మాటొస్తే మన ఆడవాళ్ల నోట వచ్చేది ఒకటే - "అన్నీ బాగానే చదువుతుంది గానీ వదినా, ఇంగ్లీషంటేనే భయం" అని. ఇంటర్‌తో చదువు ఆపేసిన నాబోటి వాళ్లకయితే ఆ భయం పిల్లలకంటే ఓ పాలు ఎక్కువే. రోజుకి పది మాటలు బట్టీ పట్టించడం, మర్నాటికి మర్చిపోతే కేకలేయడం... ఇదేగా మన ఇళ్లల్లో భాగోతం! అలా కాకుండా మాటలతో ఆడుకోనిచ్చి, వాటిని పుస్తకంలో ఎక్కడ వెతకాలో చూపిస్తే చాలునని మా ఇంట్లో ఓ పందికొక్కు వల్ల తేలింది. నవ్వకండి, నిజం!

మాది దొరవారిసత్రం. 2022లో మమ్మల్ని నెల్లూరు జిల్లాలోంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారనుకోండి, అయినా మా మాటా, మా చేపల పులుసూ నెల్లూరువే. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఊళ్లో కనిపించే జంతువులు, పక్షుల గురించి ఇంగ్లీషులో రాసి, బొమ్మలంటించి తెమ్మన్నారు బళ్లో. పందికొక్కుని బ్యాండికూట్ అంటారని టీచరు చెప్పారట. ఫోనులో ఆ మాట కొడితే పొడుగు మూతితో ఏదో ఆస్ట్రేలియా జంతువు వచ్చింది. "మా, ఇది మన గాదె కింద దూరేది కాదే?" అంది. ఫోను చూపించింది గదా అని అంటించేయకుండా ఆ మాట అడిగినందుకు నాకు భలే ముచ్చటేసింది.

చెన్నైలో ఉండే మా తమ్ముడికి పాత పుస్తకాల పిచ్చి. విషయం చెబితే ఆదివారం వస్తూ ఓ లావుపాటి పుస్తకం తెచ్చాడు. పేరు 'హాబ్సన్-జాబ్సన్'. మన దేశపు మాటలు తెల్లవాళ్ల నోట్లో పడి ఎలా మారాయో యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చిన నిఘంటువు. 1886లో అచ్చయింది. ఆ పేరు వెనక కథ వింటే నవ్వొస్తుంది. మొహర్రం ఊరేగింపులో "యా హసన్, యా హుసేన్" అన్న పిలుపు తెల్ల సిపాయిల చెవికి అలా వినిపించిందట! నెల్లూరు రొట్టెల పండుగ జరిగేది కూడా మొహర్రానికే కదా, మాకు ఆ కథ ఇట్టే అర్థమయింది.

అందులో బ్యాండికూట్ దగ్గర చూస్తే, అది తెలుగు 'పందికొక్కు' నుంచే వచ్చిందని రాసుంది! తర్వాత్తర్వాత ఆ పేరునే ఆస్ట్రేలియాలో వేరే జంతువుకి తగిలించారని మా తమ్ముడు చెప్పాడు. మా అత్తగారు వింటూ, "పేరు దొరలదయితే ఏంది, కొరికేది మన వడ్లేగా!" అన్నారు.

ఇక ఆ పిల్లని పట్టలేకపోయాం. మళిగటానీ సూపు అంటే అరవం వాళ్ల 'మిళగు తణ్ణి', అంటే మిరియాల నీళ్లు, మన చారుకి చుట్టమే. కాటమరాన్ అంటే 'కట్టుమరం', దుంగలు కలిపి కట్టిన తెప్ప. ఇప్పుడు ఇంగ్లీషులో జంట పొట్టల పడవకీ ఆ పేరే. ఇలా ఓ నోటుబుక్కు నింపేసింది. బట్టీ పట్టమని నేనొక్కమాట అనలేదు.

పక్షికి మాత్రం లైబ్రరీకి వెళ్లాల్సొచ్చింది. మా మండలంలోనే నేలపట్టు ఉంది, గూడబాతులకి పేరుపడ్డ చోటు. దాని ఇంగ్లీషు పేరు స్పాట్ బిల్డ్ పెలికన్. శాఖా గ్రంథాలయంలో పక్షుల పుస్తకం తీస్తే మా పిల్ల మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలెట్టింది. అక్కడి ఆయన ఓపిగ్గా, "ముందు విషయసూచిక, చివర పదసూచిక ఉంటాయమ్మా, అక్కడ చూసి పేజీకి రా" అని చూపించారు. స్పాట్ అనే మాట కింద దొరకలేదు. "ఒక పిట్టకి రెండు పేర్లుంటాయి, ఇంకోదాంతో చూడు" అన్నారాయన. పాత పుస్తకాల్లో దాన్ని గ్రే పెలికన్ అంటారట. పెలికన్ దగ్గరే దొరికింది! రాసుకున్న కాగితం మీద పుస్తకం పేరు, రచయిత, పేజీ నెంబరు కూడా వేయించారు, మళ్లీ వెతుక్కోకుండా.

ఆయనే ఇంకో సంగతి చెప్పారు. లైబ్రరీలో పుస్తకాలకి అంకెలు వేసే పద్ధతి ఒకటి డ్యూయీ అనే అమెరికా ఆయన 1876లో పెట్టాడట. అందులో పక్షులది 598, మన వంటలది 641.5. పప్పు డబ్బా, పోపు డబ్బా ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పే మనకి ఇదేం బ్రహ్మవిద్య చెప్పండి?

ఇంటి పన్ను రసీదు ఎప్పుడయినా పూర్తిగా చదివారా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలు చేసే గ్రంథాలయ పన్ను పన్ను రూపాయికి 8 పైసలు. డబ్బు కడుతున్నాం గదా, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లడానికి మొహమాటమెందుకు? ఫోను వద్దనడం లేదు నేను. ఆ పాత నిఘంటువు ఇప్పుడు ఫోన్లో కూడా ఊరికే దొరుకుతుంది. వెతికేది ఎలాగో తెలిస్తే ఎందులో వెతికినా ఒకటే.

మొన్న రాత్రి మా అత్తగారు మంచం మీంచి, "మే పిల్లా, పందికొక్కు ఉందన్నావే, మరి ముంగిస ఉందేమో చూడు" అన్నారు. బళ్లో నేర్చుకున్న మంగూస్ స్పెల్లింగు ప్రకారం ఎమ్, ఓ దగ్గర వెతికింది. లేదు. ఓ నిమిషం ఆలోచించి ఎమ్, యు దగ్గరికి పోయింది. ఉంది! అది తెలుగు మాటేనంటూ, పక్కనే 'ముంగిస' అని కూడా రాసుంది. ఆవిడ లేచి కూర్చుని, కళ్లజోడు తెమ్మన్నారు.