వాయించిందెవరో కనుక్కోండి

ఆర్కెస్ట్రాలో లీడ్ గిటారు వాడికి పేరుండదు. పోస్టరు మీద గాయకుడి ఫొటో, గాయని ఫొటో, మేనేజరు ఫోన్ నంబరు ఉంటాయి. గిటారు వాయించేవాడు మాత్రం ‘బృందం’లో కలిసిపోతాడు. పాలకొల్లు, నరసాపురం, భీమవరం, రాజమండ్రి చుట్టుపక్కల దసరా పందిళ్ళలో, మావుళ్ళమ్మ ఉత్సవాల్లో, పెళ్ళి రిసెప్షన్లలో జుట్టు నెరిసేదాకా నేను అలాగే వాయించాను. ఇప్పుడు రాజమండ్రిలో పిల్లలకు నేర్పుతున్నాను. వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజే ఒక మాట చెబుతాను: పాట నచ్చిందా, పాడిందెవరో తర్వాత చూద్దువు గాని, వాయించిందెవరో ముందు కనుక్కో. పాత రాక్ వాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళడానికైనా, కొత్త సంగీతం రుచి పట్టుకోవడానికైనా నాకు దొరికిన దారి అదొక్కటే.

నాకు తొలి కార్డులు పట్టించింది మా ఊరి చర్చిలో ఆదివారం గిటారు వాయించే అన్న. మూడు కార్డులు చూపించి, ‘ఈ మూడూ మారే చోట ఆగకుండా మారితే నువ్వు గిటారిస్టువేరా’ అన్నాడు. అది నిజమేనని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. రెండో గురువు మా బృందంలోని అకార్డియన్ మాస్టారు. ఆయన గిటారు ముట్టుకునేవారు కాదు. బిట్ నోటితో పాడేవారు, మేము తీగ మీద వెతుక్కోవాలి. ‘పాడలేనిది వాయించకు’ అన్నది ఆయన రూలు. ఈరోజుకీ నా క్లాసులో ఆ రూలు నడుస్తోంది.

మా ప్రోగ్రాం ‘కమ్ సెప్టెంబర్’ ట్యూనుతో మొదలయ్యేది. 1961లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా సంగీతం అది. దేశమంతా బ్యాండు మేళాలూ ఆర్కెస్ట్రాలూ దాన్ని సొంతం చేసుకున్నాయి. కోనసీమలో ఏ పందిట్లో వాయించినా జనం అది మన పాటే అన్నట్టు సర్దుకుని కూర్చునేవారు. దాని వెనకే ‘అపాచీ’ ఎత్తుకునేవాణ్ణి. అది షాడోస్ అనే ఇంగ్లీషు బృందం 1960లో ఇచ్చిన రికార్డు. వాయించింది హ్యాంక్ మార్విన్ అని మాస్టారే చెప్పారు. నేను అడిగి తెలుసుకున్న మొదటి పేరు అదే. ఆ పేరు పట్టుకుని రాజమండ్రి మెయిన్ రోడ్డు క్యాసెట్ షాపుల్లో తిరిగాను. హ్యాంక్ మార్విన్ దొరకలేదు గాని, ఈగల్స్, డైర్ స్ట్రెయిట్స్, డీప్ పర్పుల్ దొరికాయి.

అప్పట్లో బిట్లు పట్టడానికి మాకున్న యంత్రం బ్యాటరీలు నీరసించిన టేప్ రికార్డరు. కావాలనే పాత బ్యాటరీలు వేసేవాళ్ళం. మోటారు నెమ్మదిస్తుంది, గబగబా పరిగెత్తే స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి. కాకపోతే శ్రుతి కూడా దిగిపోతుంది. పక్కన హార్మోనియం పెట్టుకుని ఎంత దిగిందో చూసుకోవాలి. ఇప్పుడు ఫోన్లో వేగం సగానికి తగ్గించినా శ్రుతి కదలదు. ఇంత సుఖం ఉండి కూడా పిల్లలు ఒక బిట్ పూర్తిగా వినరు, అదే నా బాధ.

డెల్టాలో గిటారు పెట్టుకున్నవాడికి మొదటి శత్రువు గాలి. అంతర్వేది తీర్థంలో ఒక రాత్రి వాయిస్తే చాలు, ఉప్పుగాలికి తీగలు తుప్పు రంగు తిరుగుతాయి. వాయించడం అయ్యాక పొడి నూలు గుడ్డతో తీగ కిందా పైనా తుడవాలి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం పడేయాలి. మా రోజుల్లో చేతికందేవి కలకత్తా గివ్సన్ గిటార్లు. వానాకాలం చెక్క చెమ్మ పీల్చి మెడ వంగితే తీగ ఎత్తు పెరిగి వేళ్ళు తెగేవి. రెండో శత్రువు సీరియల్ లైట్లు. ఎలక్ట్రిక్ గిటారు పికప్ వాటి రొదను లాగేస్తుంది. స్టేజీ మీద నిలబడ్డ చోటే మెల్లగా పక్కకు తిరుగుతూ పోతే ఒక కోణంలో ఆ రొద తగ్గిపోతుంది. నేనేదో స్టైలుగా ఊగుతున్నానని జనం అనుకునేవారు.

రాక్ వాళ్ళకన్నా ముందు మా చేతికి పని నేర్పింది మద్రాసు స్టూడియోలు. ఇళయరాజా పాటల్లో గిటారు మా పాఠ్యపుస్తకం. 1982లో వచ్చిన తమిళ పాట ‘ఇళయ నిలా’లో గిటారు వాయించింది ఆర్. చంద్రశేఖర్. ఆ పాట తెలియని గిటారిస్టు అప్పట్లో ఇక్కడ లేడు, ఆయన పేరు తెలిసినవాడు మాత్రం అరుదు. కార్డు మొత్తం ఒక్కసారి గీకేయకుండా ఒక్కో తీగా విడిగా మీటుతూ కార్డు నడపడం ఆ పాట దగ్గరే నేర్చుకున్నాను. ఆ చెవితో విన్నాక గానీ డైర్ స్ట్రెయిట్స్ మార్క్ నాఫ్లర్ ఏం చేస్తున్నాడో అర్థం కాలేదు. 1978 నాటి ‘సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్’లో ఆయన చేతిలో ప్లెక్ట్రమ్ ఉండదు. పనంతా బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళదే. ఆ పాట నాకు నచ్చడానికి చంద్రశేఖర్ గారే కారణం.

1999 వచ్చింది. ‘తమ్ముడు’ సినిమా పాటలు ఊరూరా చీటీల మీద రాసి స్టేజీ మీదకు పంపేవారు. రమణ గోగుల సంగీతం. విశాఖపట్నం మనిషి, మిస్టీ రిథమ్స్ అనే బృందం నడిపి, 1996లో ‘ఏ లైలా’ ఆల్బమ్ చేసి, 1998లో ‘ప్రేమంటే ఇదేరా’తో సినిమాకి వచ్చాడు. అంతవరకూ మా పాటల్లో గిటారు అలంకారం. ఇక్కడ అదే నడుం కట్టి నిలబడింది. నేను అప్పు చేసి డిస్టార్షన్ పెడల్ కొన్నాను. మొదటి రాత్రి పెడల్ తొక్కి కార్డు కొట్టగానే సౌండు సెట్ యజమాని పరిగెత్తుకొచ్చి ఆంప్లిఫయరు కట్టేశాడు. ‘స్పీకరు చిరిగిపోయిందండీ బాబూ, ఇక మీదే ఖర్చు’ అన్నాడు. చిరగలేదని, ఆ శబ్దం కొనుక్కున్నదని నమ్మించడానికి నాలుగు పాటలు పట్టింది. ఆఖరికి గొణుక్కుంటూ స్విచ్ వేశాడు: ‘డబ్బులిచ్చి చిరిగిన సౌండు కొనుక్కున్నారా, ఆయ్!’

ఇక్కడ కాస్త పాఠం. డీప్ పర్పుల్ ‘స్మోక్ ఆన్ ది వాటర్’ 1972 నాటిది. గిటారు పట్టిన ప్రతివాడూ మొదట వాయించే రిఫ్ అదే. నూటికి తొంభై మంది ఒక్కో తీగ మీద వాయించి అయిపోయిందనుకుంటారు. రిచీ బ్లాక్‌మోర్ రెండు తీగలు కలిపి వేళ్ళతో లాగుతాడు. ఆ బరువు అక్కడి నుంచి వస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం. రెండోసారి ఎక్కేటప్పుడు ప్రతి మధ్యమం తగిలి శుద్ధ మధ్యమం మీదకు దిగుతుంది. రెండు మధ్యమాలూ పక్కపక్కనే పడతాయి. కచేరీలు విన్న చెవికి అక్కడ చిన్న ఉలికిపాటు. ఆ ఉలికిపాటే బ్లూస్.

రాక్ సోలోలు ఎక్కువగా నడిచే ఐదు స్వరాల వరస మన శుద్ధ ధన్యాసి మెట్లే. సంగీతం నేర్చుకున్న పిల్లలకు ఈ మాట చెప్పగానే ధైర్యం వస్తుంది. వెంటనే రెండో మాటా చెబుతాను: మెట్లు ఒకటే గాని నడక వేరు. బ్లూస్ వాళ్ళ గాంధారం సాధారణానికీ అంతరానికీ మధ్య ఎక్కడో నిలబడుతుంది. అక్కడికి చేరాలంటే తీగను వేలితో పైకి నెట్టాలి. ఎంత నెట్టాలో ఏ పుస్తకమూ చెప్పదు. వీణ నేర్చుకున్న ఒకమ్మాయి నా దగ్గరికి వస్తే నెల తిరక్కుండా ఈ పని పట్టేసింది. తీగ లాగడం ఆమె వేళ్ళకు ముందే తెలుసు.

ఈగల్స్ ‘హోటల్ కాలిఫోర్నియా’ గురించి రిసెప్షన్లలో వాయించేవాళ్ళకు ఒక చిట్కా. పాట బి మైనరులో ఉంటుంది, మన భాషలో ఏడు శ్రుతి. రికార్డులో ఏడో మెట్టు మీద కాపో బిగించి, ఇ మైనరు ఆకారాలతో వాయించారు. కాపో లేకుండా బార్ కార్డులతో అవస్థ పడకండి. చివరి సోలో ఇద్దరిది, డాన్ ఫెల్డర్, జో వాల్ష్. ఒక్కరే ఉంటే రెండో గొంతు కీబోర్డు వాడికి ఇవ్వండి, ముందే కూర్చుని సాధన చేయండి. స్టేజీ ఎక్కాక సైగలతో సర్దుకుందామనుకుంటే మా బృందానికి జరిగిందే జరుగుతుంది: నేను పాట ముగించాను, కీబోర్డు ముగించలేదు. పెళ్ళికొడుకు మర్యాదగా చప్పట్లు కొట్టాడు.

ఇక మా డెల్టా సొంత మనిషి సంగతి. మాండలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడితే కుర్రవాడు వాయించేవాడు. మా అకార్డియన్ మాస్టారి రూలు వింతేమీ కాదని ఆ సంగతి విన్నాకే తెలిసింది. శ్రీనివాస్ జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాడాడు. పల్లెల్లో అతని కర్ణాటక కచేరీ క్యాసెట్లే ఎరుగుదుం. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అనే ఆల్బమ్ చేశాడని, అది పీటర్ గాబ్రియెల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ తెచ్చిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ‘రిమెంబర్ శక్తి’ బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు. ఎవరీ మెక్‌లాఫ్లిన్ అని వెనక్కి వెళ్తే 1971 నాటి మహావిష్ణు ఆర్కెస్ట్రా ఆల్బమ్ ‘ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్’ తగిలింది. మొదటిసారి విని కట్టేశాను. తల తిరిగింది, తాళం చిక్కలేదు. తర్వాత డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని విన్నాను, బిల్లీ కోబమ్. ఆ లెక్క దొరికాక మిగతాది విడివడింది. పాలకొల్లు నుంచి బయల్దేరి నేను జాజ్ రాక్‌కి చేరిన రూటు ఇది. 2014లో శ్రీనివాస్ నలభై ఐదేళ్ళకే వెళ్ళిపోయాడు. మా ప్రాంతం పిల్లలకు ఆ పేరు చెప్పాల్సి రావడమే నాకు కష్టంగా ఉంటుంది.

నేర్పేవాడికి కొత్త రుచి శిష్యుల దగ్గరే దొరుకుతుంది. ఆఫ్రికాలోని నైజర్ దేశపు గిటారిస్టు ఎమ్డూ మొక్తార్‌ని నాకు వినిపించింది ఒక ఇంజనీరింగ్ కుర్రాడు. చిన్నతనంలో సైకిల్ తీగలు బిగించి గిటారు తనే చేసుకున్నాడట అంటే, పాత గివ్సన్ మీద వేళ్ళు తెగ్గోసుకున్నవాణ్ణి, ఇట్టే దగ్గరైపోయాడు. ఎడమచేతి వాటం. ఒకే చిన్న వరసను వదలకుండా తిప్పితిప్పి కొడతాడు. గరగల డప్పు విని పెరిగిన చెవికి ఆ తిరుగుడు కొత్తేమీ కాదు. ఢిల్లీ వాళ్ళ బ్లడీవుడ్‌ని ఇంకో పిల్లవాడు తెచ్చాడు. మెటల్ గిటార్ల మధ్య ఢోలు. ఆ అరుపు నాకు పట్టలేదు, ఢోలు పట్టింది. ఒక సంగీతం మొత్తం నచ్చాలని రూలేమీ లేదు. ఒక్క వాద్యం నచ్చితే లోపలికి వెళ్ళడానికి చాలు.

2025 సంక్రాంతికి ‘సంక్రాంతికి వస్తున్నాం’ వచ్చింది. భీమ్స్ సంగీతంలో గోదారి గట్టు పాట ప్రతి ఫోన్లో మోగింది. ఒక శిష్యుడు అడిగాడు, ‘మాస్టారూ, ఈ కొత్త సింగరెవరండీ, గొంతు భలే బరుగ్గా ఉంది’ అని. మధుప్రియతో కలిసి పాడింది రమణ గోగుల! నవ్వి, ‘తమ్ముడు’ పెట్టాను, తర్వాత ‘బద్రి’ పెట్టాను. ఆ సాయంత్రం క్లాసులో వేరే పాఠం జరగలేదు. చాలాకాలం సినిమాకి దూరంగా ఉన్న మనిషి, మొదటి సినిమా హీరో వెంకటేష్‌కే పాడి తిరిగొచ్చాడు. పాతికేళ్ళ కిందటి పాటలు ఆ పిల్లలకు కొత్త విడుదలలే. పాత రాక్ మనిషిని వెతకడానికి లండన్ దాకా వెళ్ళక్కర్లేదు.

మా పని తగ్గిందన్నది నిజం. డీజే బాక్సులు వచ్చాక పందిళ్ళలో ఆర్కెస్ట్రాకి చోటు చిక్కిపోయింది. ఉన్న గాయకులూ మైనస్ ట్రాక్ పెట్టుకుని పాడుతున్నారు, వాద్యకారులతో వాళ్ళకు అవసరం లేదు. గిటారుకు పేరు లేకపోయినా ఒకప్పుడు కుర్చీ ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. అందుకే పేర్లు నేర్పుతున్నాను.

చేయవలసిన పని కష్టమేమీ కాదు. నచ్చిన పాట ఒకటి తీసుకోండి. మొదటిసారి గొంతు వదిలేసి బేస్ గిటారు ఒక్కటే వినండి. రెండోసారి డ్రమ్స్. మూడోసారి లీడ్. వాయించిన మనిషి పేరు వెతకండి. అతను ఇంకెవరి పక్కన వాయించాడో చూడండి, అక్కడికి వెళ్ళండి. చేతనైతే ఒక్క బిట్ పాడి, తర్వాత తీగ మీద పట్టండి. నా క్లాసుకు వచ్చేవాళ్ళు వచ్చే ఆదివారానికి మూడు పేర్లు రాసుకుని రావాలి. అవి పాటల పేర్లు కాదు, వాయించినవాళ్ళ పేర్లు.