ఇల్లును తోటయును

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పుదురు. నా కుమార్తె యింకను చదువుకొనుచున్నది గనుక రెండవదానినిగూర్చి నేను మాటలాడజాలను. మొదటిదానిని మాత్రము రెండు సంవత్సరములు చూచితిని. ఆ కాలములో నాకు గలిగిన కష్టములు ఇల్లు కట్టినవారందరకును దెలిసినవే. నాకు దొరకిన యూరట మాత్రము కొంచెము వేరైనది గనుక, దానిని మన పాఠశాల విద్యార్థులకును తోడి యుపాధ్యాయులకును విన్నవింపదలచితిని.

మేము గోదావరి తీరపువారము. పదునెనిమిది సంవత్సరములు అద్దెయిండ్లలో గడపిన పిమ్మట, రాజమహేంద్రవరమునకు దిగువ, కాలువగట్టు నానుకొనియున్న యొక గ్రామములో అయిదు సెంట్ల స్థలమును కొంటిమి. అప్పటికి మాయమ్మకు డెబ్బదియెనిమిదేండ్లు. "నా గదికి తూర్పున కిటికీ పెట్టించు నాయనా, అంతే చాలు" అని మాత్రమే యామె కోరెను. 2019వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో పునాది త్రవ్వించితిమి.

ఆ స్థలములోనిది నల్లమట్టి. అది వానకు ఉబ్బును, ఎండకు బీటలువారును; అట్టి నేలలో పైపై పునాది నిలువదు. మేస్త్రీ యీ సంగతి చెప్పి మరింత లోతునకు త్రవ్వించెను. మేము కూడబెట్టిన సొమ్ములో పెద్దభాగము కంటికి గనబడకుండ భూమిలోపలనే యుండిపోయెను. పునాది నేలమట్టమునకు వచ్చుసరికి ఇసుకకు కరవు వచ్చెను. ఆ వేసవిలో ప్రభుత్వము మారినది. పాత యిసుక విధానము నిలిచిపోయినది. క్రొత్తది సెప్టెంబరు 5వ తేదీ వరకును అమలులోనికి రాలేదు. వచ్చిన పిమ్మటను వరదనీటిలో ఇసుక తీయుట కష్టమాయెను. గోదావరి యొడ్డున కాపురముండియు పిడికెడు ఇసుకకు మొగము వాచితిమి.

ఒక వ్యాపారి ముందుగా పైకము పుచ్చుకొని, "రేపు, ఎల్లుండి" యని మూడు నెలలు త్రిప్పెను. మా మేస్త్రీ శ్రీకాకుళము జిల్లానుండి ఆలుబిడ్డలతో వలసవచ్చినవాడు. పనిలేక స్థలములోని రేకులపాకలో చాలదినములు కూర్చుండి, ఒకనాడు ఇసుక దొరకిన వేరొక చోటికి, నాతో చెప్పకయే, సంసారముతో తరలిపోయెను. నేను మండిపడితిని. అతనికి నేనింకను ఆరువేల రూపాయలు ఈయవలసియుండెను. "పారిపోయినవానికి కూలి యేమి?" యని దానిని బిగబట్టి, అది న్యాయమనియే తలంచితిని.

కోపమునకు గడపలు లేవు. అది స్థలమువద్ద పుట్టి నాతోకూడ బడికి వచ్చెను. ఒకనాడు తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడు నల్లబల్లమీద లెక్క తప్పుచేసెను. ఆ తప్పునకు తగని కఠినమైన మాటలు నేను పలికితిని. వాని కన్నులలో నీరు తిరుగుట చూచియు నిలుపలేదు. ఇంటి చిక్కును తరగతి గుమ్మము వెలుపల విడిచి లోపలికి రావలెనని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నాకు నేర్పియుండిరి. ఇరువది సంవత్సరములు ఆ మాటను పాటించితి ననుకొనిన నేను, ఆనాడు ఇటుకలు, ఇసుక, వడ్డీ, అన్నిటిని ఆ పిల్లవాని నెత్తిన కుమ్మరించితిని.

ఆ సాయంకాలము తలవంచుకొని స్థలమునకు పోతిని. అమ్మ అక్కడ ఇటుకలపై కూర్చుండియుండెను. పొరుగువారినడిగి తెచ్చిన మునగకొమ్మ యొకటి యామె యొడిలో నున్నది. "ఇల్లు లేచినప్పుడు లేచును. అందాక నేల యూరక పడియుండనేల? పార తీసికొనిరా" యనెను. కోపముతో వచ్చినవానికి పార మంచిమందు. పెంకులను, ఇటుకముక్కలను ఏరి, గడ్డకట్టిన సిమెంటును పెల్లగించి, చీకటిపడువరకు త్రవ్వితిని. కొమ్మను నాటి యింటికి వచ్చి, అనేక దినముల తరువాత ఆ రాత్రి నిద్రపోతిని.

నాటినుండి ప్రతి సాయంకాలమును ఒక గంటకాలము అక్కడనే గడపుచుంటిని. గోంగూర, బచ్చలి చల్లితిమి. పందిరివేసి ఆనపపాదు పెట్టితిమి. మొక్కల తోటలకు దేశమంతట పేరుగాంచిన కడియము మాకు దగ్గర గనుక అక్కడినుండి రెండు మల్లెయంట్లు తెచ్చితిని. ఇసుక వ్యాపారివలె మొక్క మాట తప్పదు. ఆలస్యము చేసినను, ఎందుకు చేయుచున్నదో వంగి చూచినవానికి చెప్పును.

ఒకనాడు రేకులపాక వెనుకకు పోగా, ఇటుకల కుప్పనంతయు క్రమ్ముకొనిన గుమ్మడితీగె యొకటి కానవచ్చెను. దానిని మేము పెట్టలేదు. మేస్త్రీ భార్య పోకముందు గింజలు నాటెనని అమ్మ చెప్పెను. తీగెనిండ పువ్వులున్నవిగాని కాయ యొక్కటియు లేదు. పిందెలు పసుపుబారి రాలుచుండెను. గుమ్మడికి మగపువ్వులు వేరు, ఆడుపువ్వులు వేరు. తేనెటీగలు రాకున్న పుప్పొడి చేరక పిందె నిలువదు. అవి తెల్లవారుజామున విచ్చి, ప్రొద్దెక్కగానే ముడుచుకొనును గనుక ఆ పని ప్రొద్దుననే చేయవలెను.

మరునాటి యుదయమున ఆ బాలుని స్థలమునకు రమ్మని పిలిచితిని. వాడు బెదరుచు వచ్చెను. మగపువ్వు నొకదానిని త్రుంచి, రేకులు తీసి, దాని పుప్పొడిని ఆడుపువ్వు నడిమి భాగమున కంటించుట చూపితిని. రెండవదానిని వాడే చేసెను. వాని చేయి నాచేతికంటె నెమ్మదిగా నుండెను. "మొన్న నేను నీతో మాటలాడిన తీరు తప్పు" అని చెప్పితిని. వాడేమియు ననలేదు, మూడవ పువ్వును వెదకుచు ఆకులలోనికి వంగెను. నాలుగు పిందెలు నిలిచినవి.

అవి పెరుగుచుండగా నాకొక సంగతి తోచెను. గుమ్మడిగింజ నాటినవారు మూడు నాలుగు నెలలు అక్కడనే యుండి కాయ కోసికొందమను నాశతోనే నాటుదురు. మోసగించి పారిపోదలచినవారు గింజ నాటరు. నా గోడలు లేవకుండుటను నేను చూచితినిగాని, వారి పొయ్యి వెలుగకుండుటను చూడనైతిని. ఆరువేలను ఆ దినమే బ్యాంకుద్వారా పంపి, ఫోనులో నా తప్పు చెప్పుకొంటిని. అతడు కొంతసేపు మాటలాడక, "గుమ్మడిపాదు బ్రతికున్నదా మాస్టారూ?" అని యడిగెను.

2020వ సంవత్సరము జనవరిలో ఇసుక వచ్చెను. మేస్త్రీయు ఆలుబిడ్డలతో తిరిగివచ్చెను. మార్చి నెల నడుమ శ్లాబు వేసితిమి. పది దినములైనను గడువకముందే, కరోనా వ్యాధిచే మార్చి 25వ తేదీనుండి దేశమంతయు మూతపడెను. పని మరల నిలిచిపోయినది. ఈమారు నాకు కోపము రాలేదు. ఎవరిని కోపించుట? మేస్త్రీ సంసారము పాకలోనే యుండెను; మా అద్దెయిల్లు అదే వీధిలో నుండెను. తోటలోని ఆనపకాయలును, గోంగూరయు, మునగాకును ఆ నెలలలో రెండు కుటుంబములకు కూరలయ్యెను.

సిమెంటు ఆరుటవలన గట్టిపడునని నేనంతవరకు తలంచియుంటిని. అది ఆరుటవలనగాక, నీటితో సంయోగము నొందుటవలన గట్టిపడును; దాని బలమును 28 దినములనాటికి లెక్కింతురు. కావున శ్లాబుమీద మడులుకట్టి నీరు నిలుపుదురు. నేనును మేస్త్రీయు ఉదయమున పైన మడులకు నీరుపెట్టి, దిగివచ్చి క్రింద మొక్కలకు పోసెడివారము. నీరు ఒక్కటియే, బిందె ఒక్కటియే. పని ఆగినదని నేను విలపించిన దినములలో ఇల్లు తనలో తాను గట్టిపడుచునే యుండెను. మొక్కయు అంతే. విద్యార్థులును అంతేయని యిప్పుడు తరగతిలో నిలిచినప్పుడెల్ల జ్ఞాపకము చేసికొనుచున్నాను. ఆలస్యమును చూచి గద్దించుటకు ముందు, నీరుపోసితినా యని నన్ను నేను ప్రశ్నించుకొనుచున్నాను.

2021వ సంవత్సరము ఫిబ్రవరిలో క్రొత్తయింట ప్రవేశించితిమి. ఒక గోడకు రంగులేదు, రెండు తలుపులకు గడియలు లేవు. అమ్మగదికి తూర్పుకిటికీ మాత్రము ఉన్నది. అప్పటికి మునగచెట్టు ఆ కిటికీని మించి పెరిగి పూతపూసెను. ఆమె ఆ గదిలో పదునాలుగు నెలలు నివసించెను. ఉదయమున కిటికీవద్ద కూర్చుండి, రాలిన మునగపువ్వులను ఊడ్వవద్దని చెప్పుచుండెడిది.

మేస్త్రీ యిప్పుడు స్వగ్రామమునకు పోయి అక్కడనే పనిచేసికొనుచున్నాడు. ఏటేట తొలకరి వానకు మా పెరటిలో గుమ్మడిగింజలు నాటుచున్నాము. అవి అతని భార్య నాటిన పాదువే.