షార్ట్ స్టాప్ అంటే పొట్టోడు కాదమ్మా

పోయిన ఆదివారం పొద్దున డల్లాస్ నుంచి అక్క వీడియో కాల్ చేసింది. వాళ్ళబ్బాయికి పదకొండేళ్ళు. బేస్‌బాల్ టోపీ కూడా తీయకుండా వచ్చి, "అమ్మమ్మా, ఐ యామ్ షార్ట్ స్టాప్ నౌ!" అన్నాడు సంబరంగా.

అమ్మ ముఖం వాడిపోయింది. "ఆట ఆపిచ్చిన్రా బిడ్డా? పొట్టిగున్నవనా?"

ఆమె మాట వాడికి తెలియలేదు, వాడి మాట ఆమెకు తెలియలేదు. నేనేమో "అదేదో ఆటలే అమ్మా" అని, పప్పు మాడుతోందని వంటింట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి కాల్ అయిపోయింది. అమ్మ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

తెలుగులో బీఏ చదివి ఒక్క మాటకు అర్థం చెప్పలేకపోయాను. భోజనాలయ్యాక కూర్చుని చదివాను.

క్రికెట్‌లో వెనకటికి లాంగ్ స్టాప్ అని ఒకరు ఉండేవారు. వికెట్ కీపర్ వదిలేసిన బంతిని దూరంగా నిలబడి ఆపడం ఆయన పని. షార్ట్ స్టాప్ ఆ మాటను బట్టి వచ్చిందే అంటారు. షార్ట్ అంటే ఇక్కడ పొట్టి కాదు, దగ్గర. షార్ట్ లెగ్‌లో ఉన్న షార్టే. 1849-50 ప్రాంతంలో న్యూయార్క్ నికర్‌బాకర్ క్లబ్బులో డాక్ ఆడమ్స్ అనే డాక్టరు ఆ చోట ఆడటం మొదలుపెట్టాడు. అప్పటి బంతి మరీ తేలిక, దూరం నుంచి విసిరితే లోపలిదాకా వచ్చేది కాదు. ఆయన మధ్యలో అందుకుని ఇటు విసిరేవాడు. బంతులు గట్టిపడ్డాక ఆ మనిషి కూడా లోపలికి జరిగాడు.

అమ్మ పల్లికాయలు ఒలుస్తోంది. నాలుగు కాయలు నాలుగు మూలలా పెట్టి, రెండోదానికీ మూడోదానికీ మధ్య ఇంకోటి పెట్టాను.

"వీనికి సొంత గడి లేదా?"

"లేదమ్మా. అటే బంతులు ఎక్కువొస్తాయి. చురుకైనవాణ్ణే అక్కడ పెడతారు."

"మా చిర్రగోనెల గూడ గంతే. చిర్ర యాడ పడ్తదో ముందుగాలనే జూసి ఉరకాలె. మీ నాయన గట్లనే ఉరికెటోడు. వానికి ఫోన్ జెయ్యి."

అక్కడ అర్ధరాత్రి దాటింది. రాత్రి ఎనిమిదింటికి చేశాం. తాతలాగే ఉరుకుతావట అని అమ్మ మాట వాడికి ఇంగ్లీషులో చెప్పాను. తాత కూడా బేస్‌బాల్ ఆడాడా అని వాడడిగాడు. అది అమ్మకు చెప్పాను.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆ, ఆడిండని చెప్పు."

అట్లనే చెప్పాను.