పులి ఉన్న తోట

"పబ్లిక్ గార్డెన్స్‌లో పులిని చూశాన్రా నేను" అన్నారు నాన్న ఓ రాత్రి భోజనాల దగ్గర.

అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. జూ ఉన్నది బహదూర్‌పురాలో కదా! ఈమధ్య నాన్న కళ్లజోడు ఎక్కడ పెట్టిందీ, మందు వేసుకున్నదీ లేనిదీ మరచిపోతున్నారు. ఇదీ అలాంటిదే అనుకున్నాం. "తాతయ్యా, జూ అక్కడ లేదు" అంటూ మా అమ్మాయి పకపకా నవ్వింది. నాన్న ఇంకేమీ మాట్లాడలేదు. మజ్జిగ పోసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నారు.

ఆ మౌనం నన్ను రెండు రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. ఆదివారం పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం.

ముందు స్టేషను

నాంపల్లి దాకా మెట్రోలో వెళ్లాం. 2018లో మొదలైన లైను అది. దిగి నాలుగడుగులు వేస్తే 1907 నాటి రైల్వేస్టేషను. పేరు 'హైదరాబాద్ దక్కన్'. సింధ్‌లోనూ ఓ హైదరాబాద్ ఉంది కాబట్టి తేడా తెలియడానికి దక్కన్ అని చేర్చారంటారు. పట్టాలు ఇక్కడితో ఆఖరు. ఏ రైలైనా వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి.

"1961లో మా నాన్న వేలు పట్టుకుని ఇక్కడే దిగాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు" అన్నారు నాన్న. ఖమ్మం నుంచి రైల్లో రావడం, పెట్టె నెత్తిన పెట్టుకుని నడవడం... అన్నీ వరసగా చెబుతున్నారు. కళ్లజోడు మరచిపోయే మనిషేనా అనిపించింది.

అందరి తోట

పబ్లిక్ గార్డెన్స్ పాతపేరు బాగ్-ఎ-ఆమ్. ఆమ్ అంటే జనమందరిదీ అని. ఓ పక్క 1913లో పూర్తయిన టౌన్ హాలు. అదే తర్వాత శాసనసభ అయింది. మరోపక్క జూబ్లీ హాలు. ఏడో నిజాం రజతోత్సవాలు 1937లో జరిగిందిక్కడే. చెట్ల మీద చిలకలు, గోరువంకలు, కాళ్లకు అడ్డంపడే ఉడతలు. పులి జాడ మాత్రం లేదు.

నాన్న ఓచోట ఆగి అటూ ఇటూ చూశారు. మాకు వినబడకుండా ఏదో గొణుక్కున్నారు. బెంచీ మీద వాకింగు ముగించి కూర్చున్న ఓ పెద్దాయన కనిపిస్తే అడిగాను... ఇక్కడెప్పుడైనా జూ ఉండేదాండీ అని.

"ఉండేది కాదా మరి! చిన్నప్పుడు మా అబ్బాజాన్ ప్రతి ఈద్‌కీ తీసుకొచ్చేవారు. బోన్ల వాసన ఇప్పటికీ గుర్తే" అన్నాడాయన.

నిజమే! నెహ్రూ జంతు ప్రదర్శనశాలను మీరాలం చెరువు పక్కన తెరిచింది 1963 అక్టోబరులో. అంతకుముందు నగరానికి జూ అంటే ఈ తోటే. ఇక్కడి జంతువుల్నే అక్కడికి తరలించారు. అంటే నాన్న 1961లో పులిని చూసిందీ, అది ఆవులిస్తే భయపడి తాతయ్య వెనకాల దాక్కున్నదీ అన్నీ నిజాలే. మరచిపోయింది నాన్న కాదు... తెలుసుకోనిది మేము!

మా అమ్మాయి తాతయ్య చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత రోజంతా వదల్లేదు.

తోటలోనే పురావస్తు మ్యూజియం. 1930లో మొదలైంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన ఈజిప్టు మమ్మీ ఇక్కడుంది. ఆయన ఏడో నిజాంకు కానుకిస్తే, నిజాం మ్యూజియానికి ఇచ్చేశారు. పాడవకుండా 2016లో ఆక్సిజన్ చొరబడని గాజుపెట్టెలోకి మార్చారు.

పుట్టిల్లు ఇక్కడ... మెట్టినిల్లు మరోచోట

నడుస్తుంటే ఓ సంగతి తట్టింది. ఈ చుట్టుపక్కల ఎన్నో పుట్టాయి, పెరిగి వేరేచోటికి వెళ్లాయి. నుమాయిష్ 1938లో మొదలైంది ఈ తోటలోనే. జనం పెరిగేసరికి 1946లో ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. స్టేషన్‌రోడ్డులోని సరోజినీ నాయుడి ఇల్లు 'గోల్డెన్ థ్రెషోల్డ్' 1974లో పుట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి తొలి నీడ. ఆ విశ్వవిద్యాలయం ఇప్పుడు గచ్చిబౌలిలో వేల మందికి చదువు చెబుతోంది. ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం ఏనాడో పోయింది. పేరు మాత్రం ఆబిడ్స్‌గా నిలిచింది.

జీపీవో ముందు ఆగాం. ఆదివారం కదా, కౌంటర్లు మూసి ఉన్నాయి. ఉద్యోగం కోసం నేను రాసిన దరఖాస్తులన్నీ ఇక్కడి నుంచే రిజిస్టర్ పోస్టులో వెళ్లాయి. రశీదుల్ని నాన్న దారానికి గుచ్చి దాచేవారు. 2025లో రిజిస్టర్ పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారు. ఆ మాట చెబితే "ఆ రశీదులు ఇంకా ఉన్నాయి. పాత ట్రంకు పెట్టెలో, ఎడంవైపు" అన్నారు నాన్న.

ఎదురుగా ఫుట్‌పాత్‌ల మీద ఆదివారం పుస్తకాల బజారు. నాన్న బేరమాడి జంతువుల బొమ్మల పుస్తకం ఒకటి మనవరాలికి కొనిచ్చారు. చివరికి 1935లో రాతితో కట్టిన మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం. 2020లో మరమ్మతులు ముగిశాక ఆ రాళ్లు కొత్త కళతో ఉన్నాయి.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దలు ఉండే ఉంటారు. వాళ్లు చెప్పింది నమ్మశక్యంగా లేకపోతే నవ్వేయకండి. ఓ ఆదివారం వాళ్లను వెంటబెట్టుకుని ఆ చోటికి వెళ్లండి.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ట్రంకు పెట్టె తెరిచాను. రశీదుల కట్ట ఉంది. ఎడంవైపే!